ఐదు పౌండ్లకు రెండు రికార్డులు

పాల్ సిమనన్‌కు బేస్ గిటార్ వాయించడం రాదు. అయినా 1976లో లండన్‌లో కొత్తగా కూడుకుంటున్న ఒక బ్యాండులో బేస్ అతని భుజానే పడింది. బొమ్మలు వేయడం నేర్చుకుందామని ఆర్ట్ స్కూల్లో చేరిన కుర్రాడతను. పొడుగ్గా, సన్నగా, చూడగానే కంటికి ఆనేలా ఉంటాడు. అదే అతని అర్హత. ఆ బ్యాండు గిటారిస్ట్ మిక్ జోన్స్ అతనికి ముందు మామూలు గిటార్ నేర్పబోయాడు. పట్టుబడదని తేలాక, నాలుగు తీగలే గదా అని బేస్ చేతికిచ్చాడు. ఏ స్వరం ఎక్కడుందో గుర్తుండక సిమనన్ గిటార్ మెడ మీద స్వరాల పేర్లు రంగుతో రాసుకున్నాడు. హార్మోనియం కొత్తగా నేర్చుకునే పిల్లలు మెట్ల మీద స, రి, గ అని రాసుకుంటారే, అలాగే.

బ్యాండుకు పేరు పెట్టింది కూడా ఆ వాయించడం రానివాడే. ఈవినింగ్ స్టాండర్డ్ పత్రిక తిరగేస్తుంటే శీర్షికల్లో ఒకే మాట పదే పదే తగిలింది: క్లాష్. అంటే కొట్లాట. ఆ పేరే ఖాయమైంది.

క్లాష్ గురించి పుస్తకాలు బోలెడు వచ్చాయి. చాలా వాటిలో విప్లవం, తిరుగుబాటు అన్న మాటలు ధారాళంగా పారుతుంటాయి. ఆ మాటలు తప్పేమీ కావు. కానీ ఈ బ్యాండు కథ బాగా అర్థమవ్వాలంటే జమాఖర్చుల పుస్తకం తెరవాలి. ఎంతకు అమ్ముడుపోయారు, తమ సరుకు ఎంతకు అమ్మారు, ఎవరి దగ్గర అరువు తెచ్చుకున్నారు, తర్వాత వాళ్ల దగ్గర ఎవరెవరు అరువు పట్టుకెళ్లారు అన్న లెక్కలో వాళ్ల గొప్పా బయటపడుతుంది, బోలుతనమూ బయటపడుతుంది.

1976 నాటి బ్రిటన్ దేశమే అప్పుల్లో ఉంది. ఒకప్పుడు సగం ప్రపంచానికి లెక్కలు రాసిన ప్రభుత్వం ఆ ఏడాది అంతర్జాతీయ ద్రవ్యనిధి దగ్గర 390 కోట్ల డాలర్ల అప్పు కోసం చెయ్యి చాచింది. నిరుద్యోగులు పది లక్షలు దాటారు. చదువు ముగించి బయటికొచ్చిన కుర్రకారుకు భృతి కోసం వరసలో నిలబడటమే ఉద్యోగం. రాక్ సంగీతమేమో అప్పటికి బాగా బలిసింది. స్టేడియాల్లో పొగ యంత్రాలు, పాటకు ఇరవై నిమిషాలు, అందులో పదిహేను నిమిషాలు గిటార్ సోలో. మన కచేరీల్లో తని ఆవర్తనానికి ఒక లెక్క ఉంటుంది, వీటికి అదీ లేదు. ఆ దర్బారు మీదికి రాయి విసిరిన వాళ్లను పంక్‌లన్నారు. గిటార్ మీద మూడు కార్డులు (స్వరాల గుత్తులు), రెండు నిమిషాలు, గొంతు చించుకోవడం. వాయించడం రాకపోయినా పర్వాలేదన్నది అక్కడ సిద్ధాంతం. సిమనన్‌కు అందుకే చోటు దొరికింది.

మిక్ జోన్స్ అమ్మమ్మ దగ్గర పెరిగాడు. పశ్చిమ లండన్‌లో హారో రోడ్ పక్కన విల్మ్‌కోట్ హౌస్ అనే సర్కారు వారి టవర్‌లో 18వ అంతస్తు. బాల్కనీలోంచి చూస్తే కింద వెస్ట్‌వే అనే ఎత్తయిన రహదారి, దానిమీద రాత్రంతా కార్ల దీపాలు. క్లాష్ తొలి పాటల్లో వినిపించే లండన్ ఆ బాల్కనీలోంచి కనబడేదే. పర్యాటకులు చూసే గడియార స్తంభాలూ రాజప్రాసాదాలూ అందులో ఉండవు.

పాడేవాడు జో స్ట్రమ్మర్ ఆ బాల్కనీ మనిషి కాడు. అసలు పేరు జాన్ మెల్లర్. 1952లో టర్కీ రాజధాని అంకారాలో పుట్టాడు. తండ్రి రొనాల్డ్ మెల్లర్ బ్రిటిష్ విదేశాంగ శాఖ ఉద్యోగి; ఆయన పుట్టిందేమో మన లక్నోలో. ఆయన బదిలీల వెంట పిల్లవాడు కైరో, మెక్సికో సిటీ, బాన్ నగరాలు తిరిగి, చివరికి ఇంగ్లండులో బోర్డింగ్ స్కూల్లో పడ్డాడు. 1970లో అన్న ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ అన్న జాత్యహంకార పార్టీ నేషనల్ ఫ్రంట్ వైపు మొగ్గినవాడు. తమ్ముడు జీవితమంతా దానికి ఎదురు దిశలో నడిచాడు. ఆర్ట్ స్కూలు వదిలేసి, వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో శ్మశానంలో గోతులు తవ్వి, లండన్ పాతాళ రైలు మార్గాల్లో చిల్లర కోసం పాడాడు. గిటార్ తీగల్ని ఒక్కొక్కటిగా మీటే నేర్పు అతనికి లేదు, అన్నింటినీ కలిపి బాదడమే. స్ట్రమ్మర్ అన్న పేరుకు అర్థమదే.

అప్పటికి అతనికి 101ఎర్స్ అనే బ్యాండు ఉంది. వాల్టర్టన్ రోడ్‌లో పాడుబడ్డ 101వ నంబరు ఇంటిని ఆక్రమించుకుని ఉండేవాళ్లు కాబట్టి ఆ పేరు. 1976 ఏప్రిల్‌లో నాష్‌విల్ రూమ్స్ అనే చోట వాళ్ల కచేరీకి ముందు వాయించడానికి సెక్స్ పిస్టల్స్ అనే కొత్త బ్యాండు వచ్చింది. వాళ్లను చూసిన క్షణంలోనే తన సంగీతం నిన్నటిదైపోయిందని స్ట్రమ్మర్‌కు అర్థమైంది. ఆ తర్వాత బెర్నీ రోడ్స్ అనే మేనేజర్ వచ్చి, మిక్ జోన్స్ కుర్రాళ్లతో కలుస్తావా అని 48 గంటలు గడువిచ్చి, 24 గంటలకే మళ్లీ ఫోన్ చేశాడంటారు. స్ట్రమ్మర్ సరేనన్నాడు. జులై 4న షెఫీల్డ్‌లోని బ్లాక్ స్వాన్ అనే పబ్బులో, సెక్స్ పిస్టల్స్‌కు ముందు వాయించేవాళ్లుగా, క్లాష్ మొదటిసారి జనం ముందుకు వచ్చింది.

రోడ్స్ చిత్రమైన మనిషి. అతను లేకపోతే ఈ బ్యాండు లేదు, అతను తిరిగి వచ్చాక బ్యాండు మిగల్లేదు. కుర్రాళ్లను క్యామ్‌డెన్‌లో రైల్వేవారి పాత గిడ్డంగిలో సాధనకు కూర్చోబెట్టి, ప్రేమపాటలు కట్టిపెట్టి మీ చుట్టూ జరిగేది రాయమని పోరు పెట్టాడు. ప్రేయసి మీద విసుగుతో జోన్స్ రాసుకున్న ఒక పాట ఆ పోరులోనే అమెరికా మీద విసుగుగా మారిపోయింది. ఉద్యోగావకాశాల మీద కట్టిన వెటకారపు పాటలో ఉత్తరాలు విప్పే పని ప్రస్తావన ఉంది. అది జోన్స్ అనుభవమే. అతను ప్రభుత్వ సంక్షేమ కార్యాలయంలో చిన్న గుమాస్తాగా చేశాడు. అప్పట్లో ఐరిష్ తీవ్రవాదులు కవర్లలో బాంబులు పెట్టి పంపేవారు. ఆఫీసుకు వచ్చిన కవర్లు విప్పే భాగ్యం అందరికంటే చిన్నవాడైన జోన్స్‌కు దక్కింది.

1977 జనవరి 25న క్లాష్ సీబీఎస్ రికార్డు కంపెనీతో ఒప్పందం మీద సంతకం పెట్టింది. లక్ష పౌండ్లు. పంక్ పత్రిక ‘స్నిఫిన్ గ్లూ’ నడిపే మార్క్ పెర్రీ, పంక్ ఆ రోజే చచ్చిపోయిందని తీర్మానించేశాడు. అతని బాధ అర్థం చేసుకోదగ్గదే. కంపెనీల్ని తిట్టే పాటలు కంపెనీ రికార్డు మీద రావడమేమిటి? కానీ ఆ సంతకం లేకపోతే షెఫీల్డు పబ్బులో విన్న ఏ కొద్దిమందికో తప్ప క్లాష్ పేరు ఎవరికీ తెలిసేది కాదన్నదీ నిజమే. ఈ చిక్కుముడి వాళ్ల మెడలోంచి చివరిదాకా ఊడలేదు. ఆ ఏడాదే సీబీఎస్ వాళ్లనడక్కుండా ఒక పాటను సింగిల్‌గా విడుదల చేస్తే, ఆ దౌర్జన్యాన్ని తిడుతూ ‘కంప్లీట్ కంట్రోల్’ అనే పాట కట్టారు. దాన్ని కూడా సీబీఎస్సే అమ్ముకుంది.

మొదటి ఎల్పీ 1977 ఏప్రిల్‌లో వచ్చి బ్రిటన్‌లో 12వ స్థానం దాకా వెళ్లింది. అమెరికా సీబీఎస్ వారికి ఆ మోత నచ్చలేదు. ఇది మా రేడియోలకు పనికిరాదని పక్కన పెట్టారు. అక్కడి కుర్రాళ్లు ఊరుకోలేదు. బ్రిటన్ నుంచి ఓడల్లో వచ్చిన లక్ష కాపీల పైచిలుకు కొనేశారు. సొంత సరుకు పరాయి సరుకుగా అమ్ముడుపోవడం చూశాక 1979లో కంపెనీ కళ్లు తెరిచింది.

ఆ ఎల్పీలో అన్నీ రెండు మూడు నిమిషాల పాటలు, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి ఆరు నిమిషాలు: ‘పోలీస్ అండ్ థీవ్స్’. అది వాళ్ల పాట కాదు. జమైకాకు చెందిన జూనియర్ మర్విన్ 1976లో పాడిన రెగ్గే పాట. క్లాష్ అసలు చరిత్ర ఇక్కడ మొదలవుతుందని చెప్పుకోవచ్చు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1948 నుంచి, కరీబియన్ దీవుల జనం ఓడల్లో బ్రిటన్‌కు వలస వచ్చి బ్రిక్స్‌టన్, నాటింగ్ హిల్ వంటి పేటల్లో స్థిరపడ్డారు. సిమనన్ పెరిగింది వాళ్ల మధ్యే. అతను బేస్ నేర్చుకుంది కూడా ఆ రెగ్గే రికార్డులు పెట్టుకుని, వాటితో పాటు వాయించే. రాక్ పాటలో బేస్ వెనకెక్కడో అణిగిమణిగి ఉంటుంది. రెగ్గేలో దానిదే పెత్తనం. పైగా 1977లో పంక్‌ల అడ్డా అయిన రాక్సీ క్లబ్బులో రికార్డులు వేసే పని జమైకా తల్లిదండ్రుల బిడ్డ డాన్ లెట్స్‌ది. వేద్దామంటే అప్పటికి పంక్ రికార్డులు పట్టుమని పది లేవు. అందుకని తన సంచిలోని రెగ్గే వేశాడు. తెల్ల పిల్లలు బ్యాండుకూ బ్యాండుకూ మధ్య దానికే ఊగారు. ఒక తరం అభిరుచి ఇలా సరుకు కొరత వల్ల మారిపోయిందంటే నవ్వొస్తుంది గానీ, చాలా అభిరుచులు అలాగే పుడతాయి.

పంక్ మోతలోకి మారిన తన పాట మర్విన్‌కు మొదట్లో రుచించలేదంటారు. ఆ పాట రచనలో, నిర్మాణంలో భాగస్వామి అయిన లీ పెర్రీకి మాత్రం ఈ కుర్రాళ్ల మీద ఆసక్తి కలిగింది. జమైకా రెగ్గేకు మూలస్తంభం లాంటి ఆ మనిషే లండన్ వచ్చినప్పుడు ‘కంప్లీట్ కంట్రోల్’ను రికార్డు చేశాడు. బాబ్ మార్లీ కూడా అదే ఏడాది పంక్‌లకూ రెగ్గేకూ కుదిరిన చెలిమి మీద పాట కట్టి అందులో క్లాష్ పేరు చెప్పాడు.

అరువు తెచ్చుకునేవాళ్లకు ఉండాల్సిన సిగ్గు కూడా స్ట్రమ్మర్‌కు ఉండేది. హ్యామర్‌స్మిత్ పాలే అనే నాట్యశాలలో రాత్రంతా జరిగిన ఒక రెగ్గే కచేరీకి వెళ్లాడు. నల్లవాళ్ల మధ్య తెల్లముఖం దాదాపు అతనొక్కడిదే. తిరుగుబాటు పాటలు వింటానని వెళ్తే, వేదిక మీద మెరుపుల చొక్కాలు, హుషారు పాటలు. ఇంటికొచ్చి తన మీద తనే వేసుకున్న చురక ‘వైట్ మ్యాన్ ఇన్ హ్యామర్‌స్మిత్ పాలే’ పేరుతో 1978 జూన్‌లో పాటై వచ్చింది. పేదరికాన్నీ పోరాటాన్నీ వినోదంగా చూడబోయిన తెల్లవాడి అమాయకత్వం అందులో వస్తువు. క్లాష్ పాటల్లో ఏది ఉత్తమమని అడిగితే ఈ వ్యాసకర్త ఓటు దీనికే.

అంతకు రెండేళ్ల ముందు, 1976 ఆగస్టు 30న, నాటింగ్ హిల్ కార్నివాల్‌లో పోలీసులకూ నల్ల యువకులకూ మధ్య పెద్ద గొడవ జరిగింది. స్ట్రమ్మర్, సిమనన్, రోడ్స్ ఆ రోజు అక్కడే ఉన్నారు. ఇటుకలు విసిరారు కూడా. వాళ్ల తొలి సింగిల్ ‘వైట్ రయట్’ ఆ మధ్యాహ్నంలోంచి పుట్టింది. నల్లవాళ్లు అన్యాయాన్ని ఎదిరిస్తున్నారు, తెల్ల కుర్రాళ్లు చెప్పింది విని చేతులు కట్టుకు కూర్చున్నారన్నది స్ట్రమ్మర్ ఉద్దేశం. పేరు చూసి కొందరు దాన్ని తెల్లజాతి నినాదమనుకున్నారు. సగం తప్పు శ్రోతలది, సగం ఆ పేరుదే.

ఆ అపార్థం తీరిన రోజు 1978 ఏప్రిల్ 30. దాని వెనక కథ గిటారిస్ట్ ఎరిక్ క్లాప్టన్‌తో మొదలైంది. 1976 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కచేరీ మధ్యలో అతను తాగిన మైకంలో వలసదారుల మీద విషం కక్కాడు. నల్లవాళ్ల బ్లూస్ మీదా, బాబ్ మార్లీ పాట మీదా బతికిన మనిషి అలా మాట్లాడటంతో కడుపు మండి రెడ్ సాండర్స్ అనే ఫోటోగ్రాఫర్, స్నేహితులు పత్రికలకు ఉత్తరం రాశారు. ఆ ఉత్తరంలోంచి ‘రాక్ అగెయిన్‌స్ట్ రేసిజం’ ఉద్యమం వచ్చింది. ఏప్రిల్ 30న ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి తూర్పు లండన్‌లోని విక్టోరియా పార్క్ దాకా ఊరేగింపు. పార్కులో పోగైన జనం 80 వేలని కొందరు, లక్ష అని కొందరు లెక్క చెబుతారు. వేదిక మీద బర్మింగ్‌హామ్ నల్లవాళ్ల రెగ్గే బ్యాండు స్టీల్ పల్స్, ఎక్స్-రే స్పెక్స్, టామ్ రాబిన్సన్, క్లాష్. నేషనల్ ఫ్రంట్ వీధుల్లో కవాతు చేస్తున్న రోజులవి. ఆ గుంపులో ఉన్న బిల్లీ బ్రాగ్ అనే కుర్రాడు తర్వాత ఇంగ్లండులో పేరున్న రాజకీయ గాయకుడయ్యాడు. తన దారి ఆ మధ్యాహ్నమే తేలిందని ఎన్నోసార్లు చెప్పుకున్నాడు.

స్ట్రమ్మర్ ఆ రోజు వేసుకున్న టీషర్టు మీద ఇటలీ రెడ్ బ్రిగేడ్స్ పేరుంది. సరిగ్గా అప్పుడే ఆ ముఠా ఇటలీ మాజీ ప్రధాని అల్డో మోరోను బందీగా పట్టుకుని ఉంది. తర్వాత తొమ్మిది రోజులకు చంపేసింది. ద్వేషం వద్దని లక్షమంది కూడిన చోట ఆ చొక్కా ఏమిటో! క్లాష్ రాజకీయంలో ఇలాంటి వేషం పాలు ఎప్పుడూ కొంత ఉండేది. దాన్ని దాచి వాళ్లను పొగడటం అనవసరం.

మరుసటి ఏడాది, 1979 ఏప్రిల్ 23న, పంజాబీలు ఎక్కువగా ఉండే సౌతాల్‌లో నేషనల్ ఫ్రంట్ సభ పెట్టింది. నిరసనకు వచ్చినవాళ్ల మీద పోలీసులు విరుచుకుపడ్డారు. బ్లెయిర్ పీచ్ అనే టీచర్ తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. వందలమందిని అరెస్టు చేశారు. జులైలో లండన్ రెయిన్‌బో థియేటర్‌లో సౌతాల్ పిల్లల కోర్టు ఖర్చులకు నిధి పోగుచేసే కచేరీలు జరిగాయి. ఒక రాత్రి క్లాష్ వాయించింది. జమాఖర్చుల పుస్తకంలో వాళ్ల పేరిట జమ వేయాల్సిన పద్దుల్లో ఇదొకటి.

అప్పటికి వాళ్ల దగ్గర డబ్బుల్లేవు. రోడ్స్‌తో తెగిపోయింది. 1979 వేసవిలో పిమ్లికోలోని వెనిలా అనే సాధన గదిలో రోజూ మధ్యాహ్నం చేరేవాళ్లు. ఎదురుగా ఉన్న స్థలంలో కాసేపు ఫుట్‌బాల్, తర్వాత పాటలు. రాకబిల్లీ, రెగ్గే, స్కా, జాజ్, ఏది తోస్తే అది. ఇందులో డ్రమ్మర్ టాపర్ హెడన్ పాత్ర పెద్దది. జాజ్ దగ్గర్నుంచి సోల్ దాకా ఏ దరువైనా అతని చేతుల్లో ఉండేది. మూడు కార్డుల బ్యాండుకు అతను దొరకడం ఎడ్లబండికి రైలింజను దొరకడం లాంటిది.

రికార్డు చేయడానికి వెస్సెక్స్ స్టూడియోకు గై స్టీవెన్స్‌ను పిలిచారు. కంపెనీలు చేరదీయడం మానేసిన తాగుబోతు నిర్మాత ఆయన. పాట నడుస్తుండగా నిచ్చెన తిప్పేవాడు, కుర్చీలు విసిరేవాడు, పియానోలో వైన్ పోశాడు. పాత రాకెన్‌రోల్ పాట ఒకటి వేడెక్కడానికి వాయిస్తే, అదే ఖాయం అన్నాడు. వేగం పెరిగిపోయింది, మళ్లీ వాయిద్దామని బ్యాండు మొత్తుకుంది. రాకెన్‌రోల్ అంటేనే వేగం పెరగడం అని కొట్టిపారేశాడు. ఆ మొదటి వాయింపే ఎల్పీలో ఉంది.

పాటలు 19 తేలాయి. రెండు ఎల్పీలకు సరిపడా సరుకు. రెండు ఎల్పీలంటే రెట్టింపు ధర. కుర్రాళ్ల దగ్గర డబ్బులెక్కడివి, ఒక ఎల్పీ ధరకే ఇవ్వాలని క్లాష్ పట్టు. సీబీఎస్ కుదరదంది. సరే, ఎల్పీతో పాటు ఒక 12 అంగుళాల సింగిల్ ఉచితంగా వేద్దామా అంటే కంపెనీ ఒప్పుకుంది. 12 అంగుళాల సింగిల్‌కూ ఎల్పీకీ సైజులో తేడా లేదు గదా. క్లాష్ ఆ ఉచిత సింగిల్ మీద ఒకటీ అరా కాకుండా తొమ్మిది పాటలు నింపింది. కంపెనీ తేరుకునేసరికి అది రెండో ఎల్పీ అయి కూర్చుంది. చివరి నిమిషంలో చేర్చిన ‘ట్రెయిన్ ఇన్ వెయిన్’ పేరు అట్ట మీద లేదు, అట్ట అప్పటికే అచ్చయిపోయింది. 1979 డిసెంబర్ 14న ‘లండన్ కాలింగ్’ దుకాణాల్లోకి వచ్చింది. ధర ఐదు పౌండ్లు.

పేరు యుద్ధకాలంలో బీబీసీ ప్రపంచానికి వార్తలు చెప్పేముందు వినిపించిన పిలుపు నుంచి వచ్చింది. పాటలో ఉన్నదేమో అమెరికాలో త్రీ మైల్ ఐలండ్ అణు ప్రమాదం, థేమ్స్ పొంగి లండన్ మునుగుతుందన్న భయం. అట్ట మీద బొమ్మ ఇంకా ప్రసిద్ధం. 1979 సెప్టెంబర్‌లో న్యూయార్క్ పలేడియంలో కచేరీ. కాపలావాళ్లు జనాన్ని సీట్లలోంచి లేవనివ్వడం లేదు. విసుగెత్తిన సిమనన్ బేస్ గిటార్‌ను రెండు చేతులా మెడ దగ్గర పట్టుకుని, నడుం వంచి, కట్టెలు కొట్టేవాడిలా వేదిక మీద బాదాడు. తన మీదికే వస్తున్నాడేమోనని వెనక్కి జరుగుతూ ఫోటోగ్రాఫర్ పెన్నీ స్మిత్ కెమెరా నొక్కింది. బొమ్మ మసకగా వచ్చింది, వాడొద్దు అని ఆమె వాదించింది. స్ట్రమ్మర్, చిత్రకారుడు రే లౌరీ వినలేదు. లౌరీ దాని చుట్టూ 1956 నాటి ఎల్విస్ ప్రెస్లీ తొలి ఎల్పీ అట్టలోని గులాబీ, ఆకుపచ్చ అక్షరాలు పేర్చాడు. అట్ట కూడా అరువే.

ఆ మరుసటి డిసెంబర్‌లో ఇంకో అడుగు ముందుకేశారు. ‘సాందినిస్తా!’: మూడు ఎల్పీలు, 36 పాటలు, ధర 5.99 పౌండ్లు. నికరాగువాలో నియంత సొమోజాను కూలదోసిన ఉద్యమం పేరది. ఆ ధరకు ఒప్పించడానికి బ్రిటన్‌లో మొదటి 2 లక్షల కాపీల మీద రాయల్టీ వదులుకున్నారు. ఔదార్యం గొప్పదే గానీ, మూడో ఎల్పీ సగానికి సగం తీసేసినా ఎవరికీ బెంగ ఉండేది కాదు. అయితే ఆ కలగూరగంపలోనే ‘మాగ్నిఫిసెంట్ సెవెన్’ ఉంది. న్యూయార్క్ వీధుల్లో అప్పుడప్పుడే పుడుతున్న ర్యాప్ విని తెల్లవాళ్ల రాక్ బ్యాండు ఒకటి 1980లోనే కట్టిన పాట. నల్లవాళ్ల రేడియో స్టేషన్ డబ్ల్యూబీఎల్ఎస్ దాన్ని మార్చి మార్చి వేసింది.

1981లో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లోని బాండ్స్ హాలులో ఎనిమిది కచేరీలు పెట్టుకున్నారు. నిర్వాహకులు హాలు పట్టేదానికి రెట్టింపు టికెట్లు అమ్మేశారు. అగ్నిమాపక శాఖ అడ్డుకుంది. టికెట్ కొన్నవాళ్లెవరూ నష్టపోకూడదని క్లాష్ మొత్తం 17 సార్లు వాయించింది. ముందు వాయించడానికి గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ ర్యాప్ బృందాన్ని పిలిస్తే, క్లాష్ అభిమానులే వాళ్ల మీదికి కప్పులు విసిరారు. బ్యాండు చెవులు తెరిచినంత మాత్రాన అభిమానుల చెవులు తెరుచుకోవు మరి.

ఈ పాటలు ఇంత పొడుగెందుకు, అన్నీ రాగాల్లా సాగాలా అని ఆ రోజుల్లో రోడ్స్ సణిగాడట. అతను అప్పటికి మళ్లీ మేనేజరై వచ్చాడు. ఆ ‘రాగం’ అన్న మాట స్ట్రమ్మర్ చెవిలో పడి ఉండిపోయింది. టాపర్ హెడన్ ఒకరోజు స్టూడియోకు ముందుగా వచ్చి డ్రమ్స్, పియానో, బేస్ మూడూ తనే వాయించి ఒక బాణీ పెట్టి ఉంచాడు. దానికి స్ట్రమ్మర్ రాసిన మాటల్లో మొట్టమొదట్లోనే రాజు ‘రాగం’ మీద ఆంక్ష పెడతాడు. 1982లో వచ్చిన ‘రాక్ ద కాస్బా’ అది. అమెరికాలో 8వ స్థానం దాకా వెళ్లి, క్లాష్‌ను అక్కడ ఇంటింటికీ తెలిసిన పేరు చేసింది. బాణీ కట్టిన టాపర్ ఆ వీడియోలో కనబడడు. హెరాయిన్‌కు బానిసైనందుకు అప్పటికే అతన్ని బ్యాండు నుంచి పంపేశారు.

అక్కడి నుంచి పతనం వేగంగా సాగింది. 1983 మేలో, యాపిల్ కంపెనీ స్థాపకుల్లో ఒకడైన స్టీవ్ వోజ్నియాక్ క్యాలిఫోర్నియాలో పెట్టిన యూఎస్ ఫెస్టివల్‌లో క్లాష్ వాయించింది. పారితోషికం 5 లక్షల డాలర్లు. వెనక ‘క్లాష్ అమ్మకానికి లేదు’ అన్న బ్యానర్. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని నమ్మేవాళ్లు అప్పటికి తగ్గిపోయారు. అది మిక్ జోన్స్‌కు ఆ బ్యాండులో చివరి కచేరీ. సెప్టెంబర్‌లో అతన్నీ తీసేశారు. కొత్తవాళ్లతో 1985లో తెచ్చిన చివరి ఎల్పీ గురించి మాట్లాడకపోవడమే మర్యాద. అదే ఏడాది మేలో మాత్రం స్ట్రమ్మర్, సిమనన్ తక్కిన వాళ్లతో కలిసి జేబులో డబ్బుల్లేకుండా ఉత్తర ఇంగ్లండు ఊళ్లలో వీధి మలుపుల్లో పాడుకుంటూ తిరిగారు. పాతాళ రైలు దగ్గర మొదలైనవాడు అక్కడికే వచ్చాడు. 1986 నాటికి క్లాష్ లేదు.

ఆ తర్వాతే అరువు పట్టుకెళ్లేవాళ్ల వరస మొదలైంది. 1990లో నార్మన్ కుక్ అనే సంగీతకారుడు క్లాష్ పాట ‘గన్స్ ఆఫ్ బ్రిక్స్‌టన్’లోని బేస్ వరస తీసుకుని కట్టిన పాట బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. స్వరాల పేర్లు రంగుతో రాసుకున్న సిమనన్ కట్టిన వరస అది. 1991లో లీవైస్ జీన్స్ ప్రకటన పుణ్యమా అని జోన్స్ పాడిన ‘షుడ్ ఐ స్టే ఆర్ షుడ్ ఐ గో’ నంబర్ వన్ అయింది. క్లాష్‌కు బ్రిటన్‌లో దక్కిన ఏకైక నంబర్ వన్ అదే. ఆ ఏడాదే గల్ఫ్ యుద్ధంలో అమెరికా సైనికులు ‘రాక్ ద కాస్బా’ను తమ పాట చేసుకున్నారు. ఆ మాటలు ఒక బాంబు మీద రాశారని విని స్ట్రమ్మర్ ఏడ్చాడంటారు. 2002లో ‘లండన్ కాలింగ్’ జాగ్వార్ కార్ల ప్రకటనకెక్కింది. నాలుగేళ్లకు, ఇంగ్లండులో ఒక యువకుడు విమానాశ్రయానికి వెళ్తూ టాక్సీలో అదే పాట పెట్టించుకున్నాడు. ఆ మాటలు విని డ్రైవర్ భయపడి పోలీసులకు చెబితే, కుర్రాణ్ని విమానంలోంచి దించి ప్రశ్నించారు. కార్లమ్మే పాటా అదే, అనుమానితుణ్ని చేసే పాటా అదే.

మన దేశంలో క్లాష్ సంగీతం ఎక్కువమంది చెవిన పడింది వాళ్ల పేరు తెలియకుండానే. 1981 చివర్లో న్యూయార్క్‌లో రికార్డు చేసిన ‘స్ట్రెయిట్ టు హెల్’లో వియత్నాంలో అమెరికన్ సైనికులు వదిలేసి వెళ్లిన పిల్లలున్నారు, మూతపడ్డ ఉక్కు కర్మాగారాలున్నాయి, బ్రిటన్ గుమ్మంలో నిలబడ్డ వలసదారులున్నారు. దాని మొదట్లో మెల్లగా ఊగే గిటార్ వరసను లండన్‌లో పుట్టిన శ్రీలంక తమిళ గాయని ఎం.ఐ.ఎ. 2007లో తన ‘పేపర్ ప్లేన్స్’కు వాడుకుంది. అదీ వలసదారుల గురించిన పాటే. మరుసటి ఏడాది ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’లో రెహమాన్ సంగీతం మధ్య ఆ పాట వినిపించింది. హైదరాబాదులోనో విశాఖలోనో ఆ సినిమా చూసినవాళ్లు క్లాష్‌ను విన్నట్టే లెక్క. పాట రచయితల జాబితాలో ఎం.ఐ.ఎ., నిర్మాత డిప్లోలతో పాటు క్లాష్ నలుగురి పేర్లూ ఉన్నాయి. ఈ వ్యాసం చదివినవాళ్లు రెండు పాటల్నీ వెంట వెంటనే వింటే, 25 ఏళ్ల ఎడంలో ఒక అరువు ఎలా చేతులు మారిందో వివరించే పని ఎవరికీ ఉండదు.

బాకీల పుస్తకంలో చివరి పుటలు రెండున్నాయి. 2002 నవంబర్ 15న లండన్‌లోని యాక్టన్ టౌన్ హాల్లో స్ట్రమ్మర్ తన కొత్త బ్యాండుతో వాయిస్తున్నాడు. జీతాల కోసం సమ్మె కట్టిన అగ్నిమాపక ఉద్యోగుల సంఘానికి నిధి పోగుచేసే కచేరీ. జనంలో నిలబడి చూస్తున్న మిక్ జోన్స్ ఉండబట్టలేక, ఎవరూ పిలవకుండానే వేదికెక్కి గిటార్ అందుకున్నాడు. వాళ్లిద్దరూ ఒకే వేదిక మీద వాయించి అప్పటికి 19 ఏళ్లు. ఆరు వారాలు తిరక్కుండానే, డిసెంబర్ 22న, స్ట్రమ్మర్ ఇంట్లోనే కన్నుమూశాడు. పుట్టుకతో ఉన్న, ఎవరూ కనిపెట్టని గుండె లోపం. వయసు 50. అంత్యక్రియలకు అగ్నిమాపక సిబ్బంది యూనిఫాముల్లో వచ్చి గౌరవ వందనం చేశారు.

2003 మార్చిలో న్యూయార్క్‌లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వారు క్లాష్‌ను తమ జాబితాలో చేర్చుకున్నారు. అలాంటి రాత్రి పాత బ్యాండులు మళ్లీ కలిసి వాయించడం ఆనవాయితీ. బతికుండగా స్ట్రమ్మర్‌కూ, జోన్స్‌కూ ఆ ఆలోచన ఇష్టమే. సిమనన్ మాత్రం మొదటి నుంచీ వద్దన్నాడు. సీటు ధర మామూలు అభిమాని అందుకోలేనంత ఉందన్నది అతని అభ్యంతరం. అవార్డు తీసుకున్నారు. క్లాష్ ఆ రాత్రి వాయించలేదు.